అడుగున చేరిన నీళ్ళు

జూన్ 3

అన్నయ్యా,

నా నుంచి ఉత్తరమేమిటని ఆశ్చర్యపోతావని తెలుసు. మూడుసార్లు ఫోన్ చేశాను. మీ మేడ కింద గొడుగులు బాగుచేసే ఆయన నిన్ను పిలుచుకొచ్చాడు, నువ్వు ఎత్తావు, నీ ఊపిరి కూడా వినిపించింది. “అన్నయ్యా, నేను బుల్లిని” అన్నానో లేదో పెట్టేశావు. మూడోసారికి నాకు అర్థమైంది. వదిన పోయినప్పుడు మూడోరోజే బయల్దేరి వచ్చేశానని నీ మనసులో ఉండిపోయింది. ఆ రోజు నా బదులు ఇక్కడ టిక్కెట్లు చింపేవాళ్ళు లేరు. సరే, అది అలా ఉంచు.

పని పడింది కనక రాస్తున్నాను. దాచడమెందుకు?

ఇరవై రెండేళ్ళు ఈ లాంచిలో టిక్కెట్లు చింపాను. మా డ్రైవరు ముసలాయన కళ్ళు సరిగా ఆనక మానేశాడు. ఎనిమిది నెలలుగా చక్రం నా చేతిలోనే ఉంది. నాలుగు రేవులు, పొద్దున ఒక తిరుగుడు, సాయంత్రం ఒకటి. టపా సంచి, నర్సమ్మ, మేష్టారు, ఇంకా పదిమంది. నడపడం నాకు కొట్టిన పిండే. ఇంజను మాత్రం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలియదు.

రెండు నెలలుగా బ్యాటరీ గుర్తున్న ఎర్రలైటు వెలుగుతోంది. సగం దూరం పోయాక వెలిగి, కుయ్యిమని కూత పెడుతుంది. ఒక్కోసారి దానంతటదే ఆరిపోతుంది. మూడు నాలుగు రోజులకోసారి పొద్దున ఇంజను మూలుగుతుందే తప్ప లేవదు. మెకానిక్కు వచ్చి కొత్త బ్యాటరీ పెట్టి వెళ్ళాడు. అదీ అంతే. ఇంకోటి పెట్టాడు. అదీ అంతే.

లాంచి మంచిదే అన్నయ్యా. పొద్దున్నే నేను కాలు పెట్టేసరికి చెక్కల కింద ఎక్కడో పిల్లి గుర్రుపెట్టినట్టు చిన్న చప్పుడు వస్తుంటుంది, కాసేపటికి ఆగుతుంది. ఇంట్లో పలకరించేవాళ్ళు లేరు కదా, అదే నన్ను పలకరిస్తోందనుకుంటాను.

ముప్ఫై ఏళ్ళు ఓడల్లో కరెంటు పని చేసినవాడివి. ఈ ఒక్కసారికి చెప్పు. లాంచి బాగైతే మళ్ళీ నిన్ను విసిగించను. ఒట్టు.

నీ చెల్లెలు
బుల్లి

జూన్ 9

బుల్లీ,

ఫోన్ చేయకు. రాయి. రాస్తే నాకు బాగా తెలుస్తుంది.

బ్యాటరీని తిట్టి లాభం లేదు. నిండకపోతే అదేం చేస్తుంది? ఇంజను ముందువైపు ఒక నల్ల బెల్టు తిరుగుతుంటుంది. అది డైనమోను తిప్పితేనే కరెంటు పుట్టి బ్యాటరీ నిండుతుంది. ఇంజను ఆపి, చల్లారాక, రెండు చక్రాల మధ్య బెల్టును బొటనవేలితో నొక్కు. వేలి మందం కంటే ఎక్కువ లోపలికి పోతే వదులుగా ఉన్నట్టు. పగుళ్ళున్నాయేమో కూడా చూడు.

ఇది చూసి రాయి. తర్వాతది అప్పుడు చెప్తాను. ఒకేసారి పది చెప్తే కలగాపులగం చేస్తావు.

లాంచి నడుపుతున్నావని నాకెవరూ చెప్పలేదు.

అన్నయ్య

జూన్ 16

అన్నయ్యా,

చెప్పినట్టే నొక్కాను. వదులు లేదు, పగుళ్ళూ లేవు. కానీ తడిగా ఉంది. వేలికి నల్లటి తడి అంటుకుంది. బెల్టుకి కూడా చెమట పడుతుందా? మెకానిక్కుని అడిగితే “చెమట పట్టేది మీకమ్మా, బెల్టుకి కాదు” అని నవ్వాడు. ఒళ్ళు మండింది.

నిన్న మూడో రేవు దాటాక మళ్ళీ వెలిగింది. జనం చూస్తే భయపడతారని లైటు మీద నా చేతిరుమాలు కప్పాను. కూతని ఏం పెట్టి కప్పను? మేష్టారు తలెత్తి “ఏమ్మా డ్రైవరమ్మా, ముసలాయన ఉన్నప్పుడు ఈ పాట ఉండేది కాదే” అన్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. మా కుట్టుపని తాత ఒక్కడే నవ్వలేదు. “పిల్ల నేర్చుకుంటోంది, ఉండండయ్యా” అన్నాడు. నాకు యాభై ఒకటి అన్నయ్యా. అయినా ఆ మాటకి ఏడుపొచ్చింది.

నువ్వు బెల్టు సంగతి అడిగావు, బ్యాటరీ సంగతి అడిగావు. నేనెలా ఉన్నానని అడగలేదు. అడగమని కాదు. ఊరికే అంటున్నాను.

తర్వాతది చెప్పు.

బుల్లి

జూన్ 22

బుల్లీ,

బ్యాటరీ మీద రెండు సీసపు మొలలుంటాయి. వైర్లు విప్పి, వేడినీళ్ళు పోసి, ఇసుక కాగితంతో మెరిసేదాకా రుద్ది, బిగించి, పైన గ్రీజు రాయి. విప్పేటప్పుడు నల్లవైరు ముందు, బిగించేటప్పుడు ఎర్రవైరు ముందు. ఇది చెవిన వేసుకో, లేకపోతే స్పానరు తగిలి నిప్పు లేస్తుంది.

తర్వాత వోల్టులు కొలిచే మీటరు ఒకటి సంపాదించి మూడు కొలతలు తియ్యి. పొద్దున ఇంజను లేపకముందు, లేపుతున్నప్పుడు, నడుస్తున్నప్పుడు. అంకెల్లో రాయి.

ఇక్కడ విశేషాలు లేవు. కిటికీలోంచి ఓడలు రావడం, పోవడం కనిపిస్తుంది. కాగితానికి ఒకవైపే రాశావు. వెనకవైపు ఖాళీగా పంపావు.

అన్నయ్య

జూన్ 30

అన్నయ్యా,

కాగితం వృథా చేశానని ఎత్తిపొడిచావు. అందుకే ఈసారి రెండువైపులా చీమ తలకాయలంత అక్షరాలతో రాస్తున్నాను. కళ్ళజోడు పెట్టుకుని చదువుకో.

మొలలు తోమాను, అద్దంలా ఉన్నాయి. మీటరు పోస్టాఫీసులో రేడియోలు బాగుచేసే గుమస్తా దగ్గర తెచ్చాను. పొద్దున లేపకముందు పదకొండు పాయింటు ఎనిమిది. లేపుతుంటే ఎనిమిది పాయింటు తొమ్మిదికి పడిపోయింది. లేచాక పద్నాలుగు పాయింటు ఒకటి. అది చూసి సంబరపడ్డాను. ఇరవై నిమిషాలకి ఎర్రలైటు. మళ్ళీ చూస్తే పన్నెండు పాయింటు మూడు. అప్పటికి మధ్య నీళ్ళలో ఉన్నాం.

ఇంకా చోటుంది కనక నా సంగతి రాస్తాను, చదివితే చదువు. వలలు దాచే షెడ్డు మీద గది నాది. ఒక కంచం, ఒక గ్లాసు. నిలబడే తింటాను, కూర్చుంటే ఎదురుగా గోడే కనిపిస్తుంది. పగలంతా మనుషుల మధ్యే ఉంటాను గానీ వాళ్ళు దిగిపోయే మనుషులు. ఆఖరి రేవులో ఆఖరి మనిషి దిగాక తాడు కట్టి కాసేపు ఊరికే కూర్చుంటాను. లాంచి అటూ ఇటూ ఊగుతుంది. అప్పుడు నీకు ఫోన్ చేద్దామనిపిస్తుంది. నువ్వు పెట్టేసే చప్పుడు గుర్తొచ్చి ఊరుకుంటాను.

వదిన విషయంలో నన్ను క్షమించావా లేదా? ఒక్క మాట రాయి. బ్యాటరీ సంగతి ఆ తర్వాతే చెప్పు.

బుల్లి

జూలై 5

బుల్లీ,

క్షమాపణ మాట ఎత్తకు.

నీ అంకెలు శుభ్రంగా ఉన్నాయి. రెండు జబ్బులున్నాయి. లాంచి కట్టేసి ఉన్నప్పుడు ఏదో కరెంటు తాగుతోంది. నడుస్తున్నప్పుడు కొంతసేపయ్యాక నిండడం మానేస్తోంది. ముందు మొదటిది తేల్చుకుందాం. సాయంత్రం పని కాగానే నల్లవైరు విప్పి పక్కన పెట్టు. పొద్దున కలిపి మీటరు చూడు. పన్నెండున్నర పైన ఉంటే, దొంగ లాంచిలోనే ఉన్నట్టు. దొంగ ఎవరో వచ్చే ఉత్తరంలో తేలుద్దాం.

చిన్న అక్షరాలు చదవగలను.

అన్నయ్య

జూలై 14

అన్నయ్యా,

ఇది చదివాక నన్ను తిట్టినా సరే.

క్షమాపణ మాట ఎత్తవద్దన్నావు, ఎత్తను. చెప్పినట్టే మొన్న సాయంత్రం నల్లవైరు విప్పాను. పొద్దున కలిపి చూస్తే పన్నెండు పాయింటు ఏడు. ఇంజను ఒక్క దెబ్బకి లేచింది. మూడు నెలల్లో అలా లేవడం అదే మొదలు. గట్టిగా నవ్వాను కూడా. పదకొండుమంది ఎక్కారు.

రెండో రేవుకీ మూడో రేవుకీ మధ్య గాలి లేచింది. ఎర్రలైటు వెలిగింది. దాని పక్కన ఎప్పుడూ వెలగని ఇంకో రెండు కూడా వెలిగాయి. కూత ఆగకుండా మోగింది. ఉన్నట్టుండి ఇంజను ఆగింది. అన్నయ్యా, ఇంజను ఆగితే నీళ్ళ మీద ఎంత నిశ్శబ్దమో నాకు అప్పటిదాకా తెలియదు.

నర్సమ్మ “కాళ్ళు తడుస్తున్నాయేంటి?” అంది. చూస్తే చెక్కల సందుల్లోంచి నీళ్ళు. పలక ఎత్తితే లోపల ఇంజను సగం మునిగి ఉంది. “తోడండి!” అని నేనే అరిచానట, తర్వాత చెప్పారు. బకెట్టు ఒక్కటే. మేష్టారు అన్నం డబ్బాతో, నర్సమ్మ టీకాల పెట్టె మూతతో తోడారు. గాలి మమ్మల్ని రాళ్ళగుట్ట వైపు నెడుతోంది. నేను లంగరు వేశాను. అది రెండుసార్లు జారి మూడోసారి పట్టింది. ముప్పావుగంటకి ఇసుక పడవ ఒకటి చూసి వచ్చింది.

అందరూ బతికారు. కానీ ఆ పడవలోకి ఎక్కబోతూ కుట్టుపని తాత జారి, రెండు పడవల మధ్య చెయ్యి పడింది. కుడిచెయ్యి. మణికట్టు రెండు చోట్ల విరిగిందట. కత్తెర పట్టే చెయ్యి. టీకాలన్నీ తడిసిపోయాయి.

రేవులో ఎవరూ నన్ను ఏమీ అనలేదు. అంటే బాగుండేది. మేష్టారు మాత్రం “టిక్కెట్లు చింపినంత సులువు కాదమ్మా” అని వెళ్ళిపోయారు.

నల్లవైరు కలిపేటప్పుడు నేనే ఏదో తప్పుగా కలిపి ఉంటాను. విప్పినచోటే బిగించాననే గుర్తు, కానీ ఇప్పుడు నా మీద నాకు నమ్మకం లేదు. లాంచిని గట్టు మీదికి లాగించాను. చక్రం వదిలేద్దామనుకుంటున్నాను. వాళ్ళన్నది నిజమే. నాకెందుకీ పని?

ఇక నిన్ను ఏమీ అడగను.

బుల్లి

జూలై 19

బుల్లీ,

చక్రం వదలకు. తప్పు నీది కాదు. నువ్వు తప్పుగా ఏదీ కలపలేదు. ఈ ఉత్తరం మేష్టారికి చూపించు, నర్సమ్మకి చూపించు, ఆ తాతకి చదివి వినిపించు.

దొంగ ఎవరో నాకు జూన్‌లోనే తెలుసు. నీ మొదటి ఉత్తరంలోనే ఉంది. చెక్కల కింద పిల్లి గుర్రుపెట్టినట్టు వస్తుందన్నావే, అది అడుగు నీళ్ళు తోడే చిన్న మోటారు. నీళ్ళు చేరితే దానంతటదే తిరుగుతుంది. అది రోజూ తిరుగుతోందంటే లాంచిలోకి రోజూ నీళ్ళు వస్తున్నాయన్నమాట. నువ్వు లేనప్పుడల్లా అది తోడుతూ బ్యాటరీని తాగేసింది. అడుగున నీళ్ళు మిగిలి, గాలికి లాంచి ఊగినప్పుడు బెల్టు తిప్పే చక్రానికి తగిలి బెల్టు మీదికి చిమ్మాయి. తడి బెల్టు జారింది, డైనమో తిరగలేదు, లైటు వెలిగింది. బెల్టు తడిగా ఉందని నువ్వు రాసిన రోజు నాకు ఇంకేం సందేహం లేదు. జబ్బులు రెండు కాదు, ఒకటే.

ఆ రోజే రాయవలసింది, చెక్కలెత్తి చూడమని. ఒక్క వాక్యం. రాయలేదు.

ఎందుకో చెప్తాను. “లాంచి బాగైతే మళ్ళీ విసిగించను, ఒట్టు” అన్నావు. లాంచి బాగైతే ఉత్తరాలు ఆగిపోతాయి. ఉత్తరానికి ఒక్క పరీక్ష చొప్పున చెప్తే నాలుగైదు ఉత్తరాలైనా వస్తాయనుకున్నాను. నీళ్ళు కొద్దిగానే వస్తున్నాయి, మోటారు తోడేస్తుంది, ఏం కాదులే అనుకున్నాను. నల్లవైరు విప్పితే ఆ మోటారు కూడా ఆగిపోతుందని నాకు తెలుసు, రాత్రంతా చేరిన నీళ్ళని పొద్దున వైరు కలిపాక అంత చిన్న మోటారు తోడలేదని కూడా తెలుసు. పొద్దున చెక్కలెత్తి చూడకుండా లేపకు అని ఆ ఉత్తరంలోనే రాయాలి. అది రాస్తే దొంగ బయటపడిపోతుందని, వచ్చే ఉత్తరానికి దాచుకున్నాను. ముప్ఫై ఏళ్ళ పనిలో ఇలాంటి తప్పు ఎవడైనా చేసి ఉంటే నేనే వాణ్ణి ఓడ దింపేసేవాణ్ణి.

ఇంకొకటి. నాకు చెవులు పోయాయి. ఇంజను గదుల్లో కొంచెం కొంచెంగా పోయాయి, మీ వదిన ఉన్నప్పుడు ఆమె గట్టిగా చెప్పేది కనక ఎవరికీ తెలియలేదు. ఏడాదిన్నర నుంచి బొత్తిగా లేవు. గొడుగులాయన “మీ చెల్లెలు” అని పలక మీద రాసి చూపిస్తే దిగి వెళ్ళేవాణ్ణి. ఫోన్ చెవికి పెట్టుకుని నిలబడేవాణ్ణి. ఏమీ ఉండేది కాదు. నువ్వు మాట్లాడుతున్నావో, ఏడుస్తున్నావో తెలిసేది కాదు. పెట్టేసేవాణ్ణి. చెప్పడానికి సిగ్గేసింది. ఇంజను చప్పుడు విని జబ్బు చెప్పేవాడినని పేరున్నవాణ్ణి కదా.

నువ్వు మూడోరోజు వెళ్ళిపోయావని నాకు కోపం లేదు. ఎప్పుడూ లేదు. క్షమాపణ మాట ఎత్తవద్దన్నది అందుకే. కాగితం వెనకవైపు ఖాళీ అన్నది, ఇంకా రాయమని.

ఇప్పుడు చేయవలసిన పని. వెనక నీళ్ళలో పంకాని తిప్పే షాఫ్టు లాంచి లోంచి బయటికి పోయేచోట రెండు నట్లున్న కాలరు, ఉంగరం లాంటిది, ఉంటుంది. దాని లోపల గ్రీజు తాడు చుట్టి ఉంటుంది. అది అరిగింది, నీళ్ళు వచ్చేది అక్కడి నుంచే. లాంచి గట్టు మీదే ఉంది కనక పాతది మొత్తం తీయించి కొత్త తాడు పెట్టించు. రెండు నట్లూ సమంగా బిగించాలి, మరీ బిగిస్తే షాఫ్టు వేడెక్కుతుంది. నడుస్తున్నప్పుడు నిమిషానికి రెండు మూడు చుక్కలు రావచ్చు, ఆగి ఉన్నప్పుడు రాకూడదు. ఇంజనులో నూనె మొత్తం మార్చు. మోటారుకి విడిగా ఒక లైటు పెట్టించు, అది తిరిగినప్పుడల్లా నీకు కనపడాలి. రోజూ చెక్కలెత్తి చూడు. అన్నీ ఒకేసారి రాసేశాను.

ఆ తాతకి ఏం చెప్పాలో నాకు తెలియడం లేదు.

అన్నయ్య

ఆగస్టు 9

బుల్లీ,

మూడు వారాలైంది. రాయవద్దనుకుంటే రాయకు. లాంచి నీళ్ళలోకి దింపావో లేదో అంతవరకు ఒక కార్డు ముక్క వేస్తే చాలు. టపా అతను మెట్లెక్కేది నాకు వినపడదు కనక పొద్దున పదకొండు నుంచి కిటికీ దగ్గరే ఉంటున్నాను.

తాడు మందం చెప్పడం మర్చిపోయాను. షాఫ్టుకీ కాలరుకీ మధ్య సందు కొలిచి అంతే మందంది తీసుకో.

అన్నయ్య

ఆగస్టు 27

అన్నయ్యా,

నీ ఉత్తరం చదివిన రోజు దాన్ని పొయ్యిలో పెట్టాలనిపించింది. మర్నాడు మళ్ళీ చదివాను. ఆ మర్నాడూ చదివాను. నీ మీద జాలి వచ్చిన ప్రతిసారీ ఆ తాత చెయ్యి కళ్ళముందు కనపడేది. కోపం వచ్చిన ప్రతిసారీ చెవికి ఫోన్ పెట్టుకుని నిలబడ్డ నువ్వు కనపడేవాడివి. ఏ ఒక్కటీ రాయడానికి చేతులు రాలేదు. అందుకే ఇన్నాళ్ళు.

నర్సమ్మకి చూపించాను. మేష్టారికి చూపించాను, ఆయన చదివి మడిచి ఇచ్చేసి, ఇప్పటికీ చుట్టూ తిరిగి బస్సులోనే వెళ్తున్నారు. తాత ఇంటికి వెళ్ళి చదివి వినిపించాను. కట్టు ఇంకా ఉంది. కోడలు మిషను తొక్కుతుంటే పక్కన కూర్చుని ఎడమచేత్తో సుద్దగీతలు గీస్తున్నాడు, వంకరగా వస్తున్నాయి. అంతా విని సుద్ద కింద పెట్టాడు. “చెయ్యి ఎలా కుదురుతుందో చూద్దాం, మీ అన్న సంగతి అప్పుడు మాట్లాడదాం” అన్నాడు. అంతకంటే నేను ఆయన్ని ఏమీ అడగలేదు. నువ్వు ఆయనకి నీ చేత్తో ఒక ఉత్తరం రాయాలి. నా ద్వారా కాదు.

నేనూ ఒకటి ఒప్పుకోవాలి. వదిన పోయినప్పుడు టిక్కెట్లు చింపేవాళ్ళు లేరన్నది అబద్ధం. ముసలాయన “నెలరోజులుండి రా తల్లీ, నేను చూసుకుంటాను” అనే పంపించాడు. నువ్వు కుర్చీలో కూర్చుని గోడ చూస్తూ ఉన్నావు. నేను ఏమడిగినా పలకలేదు. నన్ను చూడటం నీకు ఇష్టం లేదనుకుని పారిపోయాను. నీకు వినపడలేదని ఇప్పుడు తెలిసింది. మూడుసార్లు అడిగాను, “అన్నయ్యా, ఉండనా?” అని. నీ వెనక నిలబడి అడిగాను.

లాంచి నీళ్ళలోకి దిగి పదిరోజులైంది. సందు కొలిచే తాడు తెచ్చాను, నువ్వు రాయకముందే ఆ మాత్రం తోచింది. నట్లు నేనే బిగించాను, మెకానిక్కు పక్కన చేతులు కట్టుకుని చూశాడు. పొద్దున పన్నెండు పాయింటు ఆరు, నడుస్తుంటే పద్నాలుగు పాయింటు రెండు, అవతలి రేవు దాకా అంతే. చెక్కల కింద పొడిగా ఉంది. పొద్దున్నే ఎక్కితే ఏ చప్పుడూ లేదు, మొదట్లో అది కష్టంగానే ఉంది. మొదటిరోజు నలుగురే ఎక్కారు. నిన్న ఏడుగురు.

ఈ ఉత్తరంలో నిన్ను అడగవలసింది ఏమీ లేదు. వెతికాను కూడా. ఏ లైటూ వెలగడం లేదు.

వచ్చే నెల రంగులు వేయడానికి లాంచిని మళ్ళీ గట్టెక్కిస్తున్నారు, పన్నెండు రోజులు. పదకొండో తారీఖు, గురువారం, పొద్దుటి బస్సుకి వస్తున్నాను. కోపం ఇంకా పూర్తిగా పోలేదు, అది కూడా వెంట తెస్తాను. ఎదురుగా కూర్చుని తిడతాను, పెదాలు చూసి తెలుసుకుందువుగాని.

మెట్లెక్కి వచ్చి తలుపు కొట్టినా నీకు వినపడదు. ఆ రోజు గడియ పెట్టకు.

బుల్లి